బక్క గర్డర్లు, అత్త కొబ్బరి అటక

ఇప్పుడు మా కోనసీమలో బక్క గర్డరు వాడని ఇల్లు ఒక్కటి చూపించండి, నేను కోతలు కొయ్యడం మానేస్తాను. బోదె దాటి ఇంటి గుమ్మానికి చేరే చోట ఒకప్పుడు కొబ్బరి మొద్దులు పరిచేవాళ్ళు. వానాకాలం వాటి మీద నాచు పట్టేది. వచ్చిన చుట్టం ముందు బోదెలో స్నానం చేసి, తర్వాత ఇంట్లోకి వచ్చేవాడు. ఇప్పుడక్కడ రెండు గర్డర్లు, వాటి మీద సిమెంటు పలకలు. పశువుల సావిడికి అడ్డదూలాలు అవే. చేపల చెరువులో దిగబడిన ఇంజను పైకి లాగాలంటే గొలుసు వేలాడదీసేది వాటికే. రాజోలులో ఒకాయన ఆనపపాదు పందిరికి కూడా గర్డర్లు వేయించాడు.

"ఆనపకాయలు అంత బరువాండీ?" అనడిగాను.

"కాయలు కాదండి. మా మావగారు ఎక్కి కోస్తారండి" అన్నాడు.

గర్డరనగానే గోదావరి మీద రైలు వంతెన తలుచుకోకండి. అది తాతగారు. నేను చెప్పేది మనవడి సంగతి. పైనొక ఇనప పట్టీ, కిందొక ఇనప పట్టీ, రెంటినీ కలుపుతూ మధ్యలో నిలువుగా సన్నటి గోడ. మొత్తం ఎత్తు నా అరచెయ్యంత. గదికి సరిపడే పొడవున్న ముక్కని ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ మోసుకుపోవచ్చు.

తొంభైల మొదట్లో ఆ తేలికే దాని కొంప ముంచింది. నేనప్పుడు అమలాపురంలో ఒక ఇనప కొట్లో గుమస్తాని. మేకులు, తీగచుట్టలు, గడియలు అమ్ముకునే కొట్టు. ఒకసారి మా షావుకారుగారికి ఏం పుట్టిందో, విశాఖపట్నం వెళ్ళి ఒక లారీ నిండా బక్క గర్డర్లు వేయించుకొచ్చారు. కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఒక కొస పట్టుకుని ఎత్తి చూసేవాడు. ఎత్తగలిగితే దించేసి వెళ్ళిపోయేవాడు. మా వాళ్ళ తూకం అది. పదిమంది రొప్పుతూ మోస్తేనే దూలం. ఇద్దరు మోసేది నిచ్చెన. ఒక్కడు మోసేది కర్ర.

"ఇదేంటండీ బాబూ, జొరం వచ్చి లేచిన దూలంలా ఉంది" అన్నాడొకాయన.

దాంతో వాటిని అమ్మే భారం నా నోటి మీద పడింది. నోటికేం, గర్డరు కంటే గట్టిది.

"ఓడలరేవు దగ్గర సముద్రంలో చమురు తవ్వుతున్నారు కదండీ, ఆళ్ళు ముందు సముద్రం కింద ఇవే గర్డర్లు వరసగా పరిచేరండి. తవ్విన గోతిలోకి సముద్రం జారిపోకుండా."

"ఆయ్! మరి చేపలో?"

"చేపలకి ఈత వచ్చు కదండీ."

ఇంకొకళ్ళకి ఇంకో కథ. ఫలానా పెళ్ళిలో బల్లలు చాలకపోతే మగపెళ్ళివారి బంతినంతా ఒక్క గర్డరు మీద కూర్చోబెట్టి వడ్డించారనీ, పులిహోర దాకా అది చలించలేదనీ, పెరుగన్నంలో ఆవకాయ కలిపేటప్పుడు మాత్రం కాస్త మూలిగిందనీ చెప్పేవాణ్ణి. జనం వినేవారు, నవ్వేవారు, పావుకిలో మేకులు కొనుక్కుని పోయేవారు. గర్డర్లు ఉన్నచోటనే ఉండేవి. ఒకదాన్ని రెండు రాళ్ళ మీద పెట్టి కొట్టు ముందు బల్లలా వాడుకునేవాళ్ళం.

ఈ కథలన్నీ విని నవ్వినవాళ్ళలో మా మేనత్త ముందు వరస. ఆవిడది అప్పనపల్లి దగ్గర ఒక ఊరు. మావయ్య పోయాక ఒక్కత్తే ఉండేది. ఇంటి చుట్టూ చిన్న కొబ్బరితోట, ఇంట్లో ఒక కురిడీ అటక. ఆ అటకే ఆవిడ బతుకుదెరువు. ఏడాదికి సరిపడా బియ్యం, పప్పు, మందులు, వచ్చేపోయే చుట్టాలకి పెట్టే చీరలు, అన్నీ దాని మీంచే దిగాలి.

కురిడీ తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. ముదిరిన కాయల్ని పైపీచు ఒలవకుండా డొక్కతోనే అటకెక్కించి, నెలల తరబడి కదపకుండా వదిలేస్తారు. లోపలి నీరు తనంతట తానే ఇంకిపోతుంది. కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడివడుతుంది. అదే కురిడీ. పెళ్ళిళ్ళకీ పూజలకీ ఉత్తరాది దాకా పోయే సరుకు. వానాకాలంలో కాయ చెమ్మగిల్లకుండా అటక కింద డొక్కలు రాజేసి పొగ పెడుతూ ఉండాలి. మధ్యలో తొందరపడి దించితే అది పచ్చికొబ్బరీ కాదు, కురిడీ కాదు. తడినేల మీద పెడితే కుళ్ళనన్నా కుళ్ళుతుంది, మొలకన్నా వేస్తుంది.

ఆ ఏడు కాపు విరగ్గాసింది. అత్త ఆశకొద్దీ మామూలుగా పోసే ఎత్తు దాటి, పైన పెంకులు తగిలేదాకా కాయ పోయించింది. మా వైపు అందరూ చేసే పనే అది. అటక ఎంత మోస్తుందో ఎవరూ అడగరు, ఎంత పడుతుందో చూస్తారు.

వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం కొట్టుకి ఫోను వచ్చింది. అత్త ఎదురింటి వాళ్ళ ఫోను నుంచి మాట్లాడుతోంది.

"ఒరేయ్, అటక దగ్గుతోందిరా."

"అటక దగ్గడమేంటత్తా? పొగ ఎక్కువైందేమో చూడు."

"నీ ఎటకారం అవతల పెట్టు. పొద్దుట కుంపట్లో డొక్క పెడుతుంటే నెత్తిమీద ఠక్కుమంది. మజ్జాన్నం మళ్ళీ ఠక్కుమంది. తలెత్తి చూస్తే దూలం నడుములో వేలు పట్టేంత నెర్రె. నువ్వు రా."

ఆవిడ "రా" అంటే వానని అడ్డు చెప్పడానికి లేదు. ఆ మర్నాడు పడిన వాన గురించి నేను నిజమే చెబుతున్నాను: వైనతేయ పాయ దాటించే పంటు ఎక్కితే, నదిలో ఉన్న నీళ్ళకంటే నా గొడుగు మీద ఉన్న నీళ్ళే ఎక్కువ. పంటు దిగి, బురదలో నడిచి అత్త ఇల్లు చేరేసరికి ఊళ్ళో వడ్రంగి మేస్త్రిగారు అప్పటికే నిచ్చెనెక్కి ఉన్నారు. అరవై దాటిన మనిషి. ఆ ఊళ్ళో సగం ఇళ్ళ పైకప్పులు ఆయన చేతిమీదవే. ఉలితో దూలాన్ని పొడిచి చూస్తున్నారు. పొడిచిన చోటల్లా పసుప్పచ్చటి పొట్టు రాలుతోంది.

"చెదలండమ్మా" అన్నారు ఆయన. "పైన తోలు బానే ఉందండి. లోపల ఏటీ లేదండి."

ఆ గది మీకు కళ్ళకి కట్టాలి. ఈ గోడ నుంచి ఆ గోడకి మూడు తాటి దూలాలు. వాటి మీద ఒత్తుగా పరిచిన వెదురు. వెదురు మీద గుట్టగా కాయలు. మూడిట్లో నడిమి దూలానికి నెర్రె. సరిగ్గా దాని కిందే పొగ కుంపటి. పొగ ఆగితే కాయ పాడవుతుంది. పొగ పెట్టాలంటే ఆ నెర్రె కింద వంగి కూర్చోవాలి. అత్త పూటకోసారి ఆ పని చేస్తూనే ఉంది, తలమీద కొంగు కప్పుకుని. కొంగు కాయల్ని ఆపుతుందన్నట్టు.

"కాయంతా దించెయ్యడం ఉత్తమం అండి" అన్నారు మేస్త్రిగారు.

"దించి ఎక్కడ పెట్టమంటారు? నా నెత్తి మీదా?"

"పోనీ కొత్త తాటి దూలం ఎక్కిద్దామండి."

"ఎక్కించండి."

మేస్త్రిగారు తల గోక్కున్నారు. ఆ గదికి ముందు ఇరుకు నడవా ఉంది, నడవా చివర మలుపు ఉంది. తాటి మొద్దు ఆ మలుపు తిరగదు. పెంకులు విప్పి పైనుంచి దింపాలి. ఆ వానలో పెంకులు విప్పడమంటే కాయలకి స్వయంగా తలంటు పొయ్యడమే.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "మా కొట్లో గర్డర్లున్నాయి. రెండు తెస్తే, దూలానికి చెరో పక్కా..."

నా మాట పూర్తికాకుండానే అత్త నవ్వింది. "ఏ గర్డర్లు? సముద్రాన్ని మోసేయేనా? లేకపోతే పెళ్ళివారు భోంచేసినయ్యా?"

"అది వేరు అత్తా. ఇది నిజంగా మోస్తుంది."

"నువ్వు నిజంగా అంటే నాకు ఇంకా భయమేస్తుందిరా."

ఏం చెయ్యను? నా జన్మలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నమ్మే దిక్కు లేదు. ఆ ఇనుము తేలికే గానీ మోస్తుందనీ, ఇద్దరం పట్టుకుని నడవా మలుపు తిప్పుకోవచ్చనీ, పెంకు ఒక్కటి కూడా కదపక్కర్లేదనీ బతిమాలాను. మేస్త్రిగారు నిచ్చెన మీదనుంచే విని, "గొప్పోరండి మీరు" అన్నారు. అందులో పొగడ్త ఏమీ లేదు.

అప్పుడే నడిమి దూలం మరోసారి ఠక్కుమంది. కాయలు ఎక్కడో లోపల సర్దుకున్న చప్పుడు, కడుపులో గాలి కదిలినట్టు.

"తీసుకురా" అంది అత్త. "నీమీద నమ్మకంతో కాదు. వేరే దారి లేక."

ముందు ఆ దూలం కింద కొబ్బరి మొద్దు ఒకటి ఊతగా నిలబెట్టాం. ఆ మర్నాడే అమలాపురం నుంచి రెండు గర్డర్లు కొలతకి కోయించి రిక్షా మీద రేవుకి చేర్చాను. పంటు సరంగు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటండీ ఇయ్యి?"

"అమలాపురాన్ని మీ ఒడ్డుకి జరుపుతున్నాం. ఇది మొదటి వాయిదా."

"ఆయ్. అయితే మా అత్తోరి ఊరు కూడా ఒకసారి చూడండి బాబూ. అటేపు జరపాలి, ఎంత దూరమైనా పర్లేదు."

గర్డర్లు అత్త గుమ్మంలో దిగాయి. అత్త ఒక కొస పట్టుకుని ఎత్తింది. అది లేచింది. ఆవిడ మొహం పడిపోయింది. పాపం, లేవకూడదని కోరుకుందనుకుంటాను.

"ఇంత పీలగా ఉందేంట్రా. నేనే ఎత్తేను."

"నువ్వు ఎత్తగలవు గనకే ఇంట్లోకి వెళ్తుంది అత్తా."

నడిమి దూలాన్ని కాస్త పైకి లేపి పట్టడానికి లారీ జాకీ కావాల్సి వచ్చింది. దాని కోసం మర్నాడు పొద్దున్నే నేను రాజోలు వెళ్ళాను. తెలిసిన గ్యారేజీలో జాకీ అడిగి, ఇచ్చినందుకు వాళ్ళకి రెండు కథలు చెప్పి, బస్సు దొరక్క ఆటోలో వచ్చేసరికి మజ్జాన్నం దాటింది. నేను వచ్చేలోపు మేస్త్రిగారు పని కానిచ్చేశారు. రెండు గోడల్లోనూ బొక్కలు కొట్టి, గర్డర్లు రెండూ ఎక్కించి, వాటికీ పైన వెదురుకీ మధ్య చెక్కలు బిగించి, చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటున్నారు.

"జాకీ అక్కర్లేదండి. చక్కగా కూచున్నాయండి" అన్నారు. "ఊత తీసేద్దామండి, పొగ పెట్టుకోడానికి అమ్మగారికి అడ్డంగా ఉంది."

అత్త అప్పటికే కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. మేస్త్రిగారు మొద్దు మొదట్లో సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. ఊత పక్కకి జరిగింది.

ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత గర్డర్లు మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాయి. చెప్పాలంటే అదే మాట. రెండు కొసలూ పైనే ఉన్నాయి, నడుము కిందకి సాగుతోంది. పైన కాయలు ఒకటి తర్వాత ఒకటి మధ్యలోకి దొర్లుకొస్తున్నాయి, దూరంగా బండి వస్తున్నట్టు. అంచు నుంచి ఒక కాయ జారి అత్త పక్కనే కుంపట్లో పడింది. నిప్పులు లేచాయి.

"అత్తా, బయటికి రా!"

ఆవిడ రాలేదు. కూర్చున్నచోటే తలెత్తి చూస్తోంది. నేనూ మేస్త్రిగారూ మొద్దుని కావలించుకుని మళ్ళీ దూలం కిందకి తోశాం. ఎంత బలం వచ్చిందో తెలీదు, ఆ క్షణంలో నన్ను పోటీకి పెడితే కోనసీమనే పక్కకి జరిపేవాణ్ణి. మొద్దు నిలబడింది. దొర్లుడు ఆగింది.

అత్త లేచి, చీర మీద నిప్పురవ్వలు దులుపుకుని, ఊదుగొట్టం చేతిలో పట్టుకునే వసారాలోకి వచ్చి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"రేపు దింపించేస్తాను" అంది. "సగం పాడయినా సగమన్నా దక్కుతాయేమో. లేకపోతే చెట్టు ఎలాగా ఉంది, వచ్చే ఏడు చూసుకుందాం." ఆ వచ్చే ఏడు దాకా ఏం తింటుందో మాత్రం ఆ లెక్కలో లేదు.

మేస్త్రిగారు నావైపు చూడలేదు. నా గర్డర్ల వైపు కూడా చూడలేదు. ఉలి, సుత్తి సంచిలో వేసుకుంటున్నారు.

నేను లోపలికి వెళ్ళి నిచ్చెన ఎక్కాను. ఎందుకు ఎక్కానంటే, వసారాలో అత్త మొహం చూస్తూ కూర్చోలేక. ఎక్కి చూద్దును గదా, గర్డర్లు రెండూ పడుకుని ఉన్నాయి! నిలబెట్టాల్సిన గోడ అడ్డంగా, పైనా కిందా ఉండాల్సిన పట్టీలు కుడి ఎడమలకి. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసినట్టు శుభ్రంగా పడుకోబెట్టేశారు. కొట్టు ముందు మా బల్ల గుర్తొచ్చింది. దాన్నీ అలాగే పడుకోబెట్టాం, షావుకారుగారు కూర్చుంటే అది ఉయ్యాలలా కిందకీ పైకీ ఊగేది. ఒకసారి నిలబెట్టి కూర్చుంటే కూర్చోడానికి ఇరుకైంది గానీ, కదిలితే ఒట్టు.

నిచ్చెన మీంచే అరిచాను. "మేస్త్రిగారూ, మీ స్కేలు ఒకసారి ఇటివ్వండి!"

ఆయన దగ్గర చెక్క స్కేలు ఉండేది, పొడుగాటిది, అరిగి నున్నబడినది. రెండు పీటల మీద దాన్ని బల్లపరుపుగా ఆనించి నడుమ చేత్తో నొక్కాను. వంగింది. అంచు మీద నిలబెట్టి, పక్కకి పడకుండా పట్టుకుని నొక్కాను. వంగలేదు. ఇంకా నొక్కాను. నా అరచేతికి గాడి పడింది గానీ అది వంగలేదు. అత్త కూడా లేచి వచ్చి చూస్తోంది.

మేస్త్రిగారు స్కేలు వంకా, గర్డర్ల వంకా మార్చి మార్చి చూశారు.

"ఆయ్" అన్నారు చివరికి. "తాటి దూలానికి వెల్లకిలా బోర్లా ఉండవు కదండీ. ఎలా పెట్టినా దూలమే అండి. ఇది కూడా అంతేననుకున్నాను. నిలబెడితే బొక్క పెద్దది కొట్టాల్సొస్తుందని, పడుకోబెడితే చక్కగా కుదిరిందండి."

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఊళ్ళో పుట్టి, తాళ్ళనీ కొబ్బరి మొద్దుల్నీ తప్ప ఇంకోదాన్ని ఎత్తని ఏ మనిషైనా అదే చేస్తాడు. గుండ్రటి దానికి ఏది తల, ఏది కాలు?

"ఇంకొక్క రోజు ఆగు అత్తా" అన్నాను.

ఆవిడ స్కేలు తీసుకుని తను కూడా నొక్కి చూసింది. రెండు రకాలుగానూ. "ఒక్క రోజు" అంది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. ఈసారి మేస్త్రిగారు నన్ను కదలనివ్వలేదు. ఒక గోడలో బొక్క లోతుగా, రెండో గోడలో సగం లోతు కొట్టాం. గర్డరుని లోతైన దాంట్లోకి దోపి, రెండో కొస ఎదురుగా తెచ్చి, వెనక్కి లాగితే రెండు గోడల మీదా కూర్చుంటుంది. ఇటుక నలగకుండా కొసల కింద రాతిపలక ముక్కలు పెట్టారు. నిలబెట్టిన గర్డరు పక్కకి ఒరగకుండా రెండు వైపులా చింతచెక్క మేకులు బిగించారు. ఆ ఆలోచన నాది కాదు, ఆయనదే. నిన్నటి సిగ్గంతా ఆ మేకులు బిగించడంలో చూపించారు. తర్వాత జాకీ పెట్టి నడిమి దూలాన్ని వెంట్రుకవాసి లేపి, గర్డర్లకీ వెదురుకీ మధ్య చెక్కలు దిగ్గొట్టి, జాకీని మెల్లిగా దించాం.

ఊత మిగిలింది. దాన్ని కొట్టమంటే మేస్త్రిగారు సుత్తి నా చేతికిచ్చారు.

కొట్టాను. మొద్దు పక్కకి జరిగింది. ముగ్గురం మెడలు వెనక్కి వంచి చూస్తూ నిలబడ్డాం. గర్డర్లు నవ్వలేదు. కాయలు కదల్లేదు. పెంకుల మీద వాన మాత్రం తన మానాన తను పడుతోంది.

"నిలబడిందండి" అన్నారు మేస్త్రిగారు గుసగుసగా. గట్టిగా అంటే పడిపోతుందేమోనన్నట్టు.

అత్త గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నిన్న కూడా ముందు ఇలాగే అన్నారు."

"నిన్న పడుకుంది అత్తా. ఇవాళ నిలబడింది."

"అయితే నువ్వు పడుకో."

"ఎక్కడ?"

"ఇక్కడే. కుంపటి పక్కన. నువ్వు చెప్పేది నిజమైతే దాని కింద పడుకో. సాయంత్రం దాకా."

మేస్త్రిగారు ఉత్సాహంగా వెళ్ళి నులకమంచం తెచ్చి వేశారు. సరిగ్గా నెర్రె కింద. దిండు కూడా సర్దారు. ఆయన మర్యాదకి నేను ఎప్పుడూ అంత ఇబ్బంది పడలేదు.

పడుకున్నాను. ఇంకేం చేస్తాను? వెల్లకిలా పడుకుంటే అటక మొత్తం మొహం మీదే ఉన్నట్టుంది. వెదురు సందుల్లోంచి డొక్కలు కనిపిస్తున్నాయి, తలలు కిందకి వంచి నన్ను చూస్తున్నట్టు. అన్ని రోజులుగా సముద్రాలూ పెళ్ళివారూ అంటూ దాని మీద ఎక్కించినవి ఎక్కించాను. అసలు బరువు కిందకి నేనొక్కణ్ణే వచ్చాను. ఒక బల్లి అరిస్తే లేచి కూర్చున్నాను. గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న అత్త, "ఏం?" అంది. "ఏం లేదు" అని మళ్ళీ పడుకున్నాను. పైన ఒక కాయ ఇంకో కాయ మీద ఒదిగిన చప్పుడైతే మంచం పట్టీ రెండు చేతులా పట్టుకున్నాను. ఠక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. కాసేపటికి ఇంకా రాలేదు. పొగ కమ్మగా ఉంది. బయట వాన ఒకే గొంతుతో ఏదో చెబుతోంది. రాని చప్పుడు కోసం ఎంతసేపని వింటాను?

మెలకువ వచ్చేసరికి చీకటి పడుతోంది. గదిలో ఎవరో ఉన్నారు. అత్త. మంచం పక్కనే, కుంపటి ముందు, గోడకి చేరగిలబడి కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తలమీద కొంగు లేదు. భుజం మీదకి జారి ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో నాకు తెలీదు.

"ఎంతసేపయింది వచ్చి?"

"నువ్వు గుర్రు పెట్టడం మొదలెట్టేవు. ఆ చప్పుడుకి కూడా పడలేదంటే ఇంక పడదులే అని వచ్చేను." ఒక మట్టిబెడ్డ ఏరి పారేసింది. "మేస్త్రిగారు చాలాసేపు చూసి వెళ్ళేరు. కాఫీ తాగుతావా?"

"తాగుతాను."

"లేవకు. మంచం అక్కడే ఉండనీ. ఈ గదిలో దోమలుండవు, ఇవాళ్టినుంచి నేనిక్కడే పడుకుంటాను."

చలికాలం వచ్చాక కాయలు దిగాయి. వలుపు కూలీలు అటకెక్కి ఒక్కోటీ చెవి దగ్గర ఊపి, లోపల గుండు ఆడుతోందో లేదో విని కిందకి అందించారు. కుళ్ళినవి లేకపోలేదు, వాటిని అత్త పేరు పేరునా తిట్టింది. మిగతావన్నీ గుండ్లుగా ఒలిచి, బస్తాలకెత్తారు. అటక ఖాళీ అయ్యాక మేస్త్రిగారు పిలవకుండానే వచ్చారు. నడిమి తాటి దూలం ఇంకా అక్కడే వేలాడుతోంది, గర్డర్ల మధ్య. దాన్ని తీసేద్దామని నిచ్చెనెక్కి ఒక చెయ్యి వేశారు. చెయ్యి లోపలికి దిగబడింది. ఆ దూలం అరటిబోదెలా రెండుగా ఊడి నేలమీద పడింది. లోపల పిడికెడు చెదలమట్టి తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ అది కూడా మోస్తోందని మేము అనుకున్న బరువులో ఇసుమంత కూడా అది మొయ్యలేదు, అంతా గర్డర్ల మీదే ఉంది.

ముగ్గురం ఆ ముక్కల చుట్టూ నిలబడ్డాం. మేస్త్రిగారు తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నారు. నేను ఒక ముక్కని కాలితో తిప్పి చూశాను.

అత్త మాత్రం వంగి ముక్కలు ఏరింది. పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర పడేసి నిప్పు పెట్టింది. ఎండిన చెక్క గనక చురచురా మండింది. ఆ వేడినీళ్ళతో శుభ్రంగా తలంటు పోసుకుని, జుట్టు ఆరబోసుకుంటూ వసారాలో ఎండలో కూర్చుంది.